ఎద్దు భుజానికి వెన్న

ఆ రోజు మా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందు చెప్తాను. వాకిట్లో నులకమంచం మీద బాపు తల్లి, మా బాపమ్మ. పొయ్యి దగ్గర వెన్న కరిగిస్తూ అమ్మ. కొట్టం ముందు బాపు. కొట్టంలో మోత్యా, కబ్ర్యా. ఎద్దులను కూడా మేం ఇంటివాళ్ళలోనే కలుపుకుంటాం. పండుగ రోజు రొట్టె ముందు వాటికి, తర్వాతే మాకు. గడప పక్కన, ఎవరికీ అడ్డం రాకుండా, నేను. కొంచెం సేపటికి రాజలింగు పెద్దబాపు వచ్చాడు. ఆయన మా ఇంటి మనిషి కాడు. మా ఊరి పెద్ద. కానీ ఆ రోజు జరిగిందంతా ఆయన ముందే జరిగింది కాబట్టి ఆయన్ను కూడా చేర్చాలి.

పోయిన వారం నేను ఎక్కడ ఆపానో మీకు గుర్తుండే ఉంటుంది. వాగు అవతలి చేనుకు సద్ది పట్టుకుపోయి టేకు చెట్ల సందులోంచి చూశాను. ఇప్పచెట్టు కింద బాపు కూర్చుని ఉన్నాడు. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు ఎడమచేత్తో పట్టుకున్నాడు. పత్తి సాళ్ళ మధ్య కలుపు కోసే గుంటుక తోలుతున్నది అమ్మ! కొంగు నడుముకు చుట్టుకుని, మోత్యాను, కబ్ర్యాను పేర్లు పెట్టి పిలుస్తూ తోలుతున్నది. నన్ను చూసి ఆగలేదు. సాలు చివరికి వచ్చాక, "ఊళ్ళె నోరు తెరువకు బిడ్డా" అన్నది. నేను తల ఊపాను. నేను మామూలుగానే నోరు తెరవను. అందుకే అదేమంత కష్టమైన మాట అనిపించలేదు.

మా ఊళ్ళో ఆడవాళ్ళు చెయ్యని పని లేదు. కలుపు తీస్తారు, ఎరువు మోస్తారు, పత్తి ఏరుతారు. గుంటుక వెనక మాత్రం నడవరు. నడిస్తే ఆ ఇంటి మగవాడి పని అయిపోయిందని అనుకుంటారు. లక్కడ్‌కోట్ నుంచి ఇటు వచ్చే ప్రతి ఊళ్ళోనూ ఇంతే.

నేను చెప్తున్న రోజుకు మర్నాడు పోలా. ఊరి ఎద్దులన్నీ తోరణం ముందు వరుసగా నిలబడే పండుగ. అన్నిటికంటే ముందు నిలబడే మర్యాద దక్కిన జత మానం జోడి. తాత ఉన్నన్ని రోజులు ఆ మానం మా ఇంటిదే. తాత పోయాక రామకిషన్ వాళ్ళ ఇంటికి పోయింది. ఈ ఏడు మళ్ళీ మా ఇంటికి వచ్చింది. ఆ మాట తెలిసిన రోజు బాపు తాత తలపాగా పెట్టెలోంచి తీసి ఎండలో వేశాడు.

మానం జోడి తాడు పట్టుకోవడం ఊరికే నిలబడటం కాదు. తోరణం తెగగానే డప్పులు మోగుతాయి, పటాకులు పేలుతాయి, ఎద్దులు బెదురుతాయి. ముందర పిల్లల గుంపు ఉంటుంది. తాడు జారితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అందుకే మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. రేపు ఎవరు తాడు పడతారో వాళ్ళే ఇవాళ ఆ ఎద్దుల భుజాలు రుద్దాలి. కాడి మోసిన చోట మోదుగ ఆకుతో వేడి వెన్న, పసుపు పట్టించాలి. చెవి దగ్గర నోరు పెట్టి, ఇవాళ పిలుపు అందుకోండి, రేపు భోజనానికి రండి అని చెప్పాలి. ఊరి పెద్ద వచ్చి చూడాలి.

బాపు కుడిభుజం విత్తనాల కాలం నుంచి లేవడం లేదు. ఎవరికీ చెప్పలేదు. ఆయన దాచిన తీరు మాత్రం నాకు ఇప్పుడు వరుసగా గుర్తొస్తున్నది. తల మీంచి వేసుకునే బనీన్లు మానేసి బొత్తాల చొక్కాలే వేసుకోవడం మొదలుపెట్టాడు. జండూ బామ్ రాసుకుని వెంటనే పోయి కొట్టంలో నిలబడేవాడు, పేడ వాసనలో బామ్ వాసన కలిసిపోతుందని. మా లోపలి గది తలుపుకు గొళ్ళెం పైన ఉంటుంది. వానకు తలుపు ఉబ్బింది కాబట్టి ఒక చేత్తో రెక్కను నెట్టిపట్టి, ఇంకో చెయ్యి బాగా పైకెత్తి వెయ్యాలి. అది తుప్పు పట్టిందని చెప్పి, తలుపుకు రోకలి అడ్డం పెట్టడం అలవాటు చేశాడు. ఏమైంది బాపూ అంటే, "ఏం కాలే" అనేవాడు. రెండోసారి అడిగితే అరిచేవాడు.

అమ్మవాళ్ళది పూర్తిగా వేరే దారి. ఆదివారాలు నేను కూడా కలుపుకు పోతాను కదా, అక్కడ చూశాను. సాలులో దిగగానే ఆడవాళ్ళు మాట్లాడుకునేది ముందు నొప్పుల గురించే. వాటికి చుట్టరికాలు కూడా కలిపారు. అమ్మ మణికట్టు నొప్పి పేరు సవతి. బాపమ్మ మోకాలి నొప్పి వియ్యపురాలు, వాన పడితే చాలు సంచి పట్టుకుని దిగుతుంది. సత్తమ్మ పెద్దమ్మ నడుము నొప్పి ఆడబిడ్డ.

"ఏం మాధవీ, నీ సవతి ఎట్లున్నది?"

"రాత్రంత నా పక్కల్నే పండింది సత్తమ్మక్కా. ఆయన్ని కూడా జరగనియ్యలే."

అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. నవ్వుతూనే పని మార్చేసుకునేవాళ్ళు. మణికట్టు సలిపే వాళ్ళకు గడ్డి పీకే సాలు తప్పించి నీళ్ళ బిందె ఇచ్చేవాళ్ళు. వంగలేనివాళ్ళు కూర్చుని జరుగుతూ తీసేవాళ్ళు, పక్కవాళ్ళు వాళ్ళ సాలులో సగం కలుపుకునేవాళ్ళు. ఇవేవీ ఎవరూ చెప్పి చెయ్యరు. ఇదంతా చూసి నాకు చాలా రోజులు ఒక అనుమానం ఉండేది. ఇంత నవ్వుతున్నారంటే నిజంగా నొప్పి ఉన్నట్టేనా అని. ఒకరోజు బావి దగ్గర తడి దుప్పటి పిండుతూ అమ్మ, రెండో కొస నాకు ఇచ్చి, "నువ్వు తిప్పు, నేను పట్టుకుంట" అన్నది. పట్టుకోవడం కూడా చేతకాక అమ్మ చేతిలోంచి దుప్పటి జారిపోయింది. అప్పుడు నవ్వలేదు. ఆ చేతులతోనే తర్వాత గుంటుక పట్టింది.

సరే, ఆ మధ్యాహ్నానికి వస్తాను.

రాజలింగు పెద్దబాపు వచ్చి కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"కూసో లింగూ" అన్నది బాపమ్మ, మంచం మీద జరిగి.

"లేదు చిన్నవ్వా, ఇంకా మస్తు ఇండ్లు తిరగాలె."

"ఎప్పుడొచ్చినా గదే మాట. కూసుంటే మంచం అరిగిపోతదా?"

ఆయన నవ్వాడు, గుంజ మాత్రం వదల్లేదు. అమ్మ ఇత్తడి గిన్నెలో వెన్న, పసుపు, పైన మోదుగ ఆకులు పెట్టి తెచ్చి బాపుకు ఇచ్చింది. బాపు ఎడమచేత్తో అందుకున్నాడు. ముందు కబ్ర్యా. అది పొట్టిది, నెమ్మది. గిన్నె కింద పెట్టి, చెయ్యి పెద్దగా ఎత్తకుండానే దాని పని అయిపోయింది. చెవిలో పిలుపు కూడా చెప్పాడు. అమ్మ నా వైపు చూసింది. గండం సగం గడిచింది అన్నట్టు చూసింది.

మోత్యా మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైన ఎద్దు. దాని మూపురం పక్కన చెయ్యి పెట్టాలంటే బాపు మునివేళ్ళ మీద లేవాలి. ఆయన ఎడమచేత్తో ఆకు ముంచాడు.

"గదేంది తమ్మీ" అన్నాడు పెద్దబాపు. "మానం జోడికి ఎడమచెయ్యితోని రాస్తరా? మీ నాయిన చూస్తే ఏమంటుండె?"

బాపు ఆకును కుడిచేతిలోకి మార్చుకున్నాడు. చెయ్యి ఎత్తాడు. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకొంచెం నెట్టాడు. ముఖం మీద చెమట ఒక్కసారిగా వచ్చింది, ఎవరో నీళ్ళు చల్లినట్టు. ఆకులోంచి వెన్న కారి మోచేతి దాకా వచ్చింది.

"ఏమైందిరా?"

"ఏం కాలే అన్నా."

మోత్యా తల విదిలించింది. దాని కాలు తగిలి గిన్నె పక్కకు ఒరిగింది. బాపు గబుక్కున కుడిచేత్తోనే తాడు పట్టుకున్నాడు. ఎద్దు ఒక్క గుంజు గుంజింది. అప్పుడు బాపు నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. ఆయన గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు. అంత చిన్న చప్పుడు.

మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ లేవనైనా లేదు. నాలుకతో ట్టక్ మని చప్పుడు చేసి, "హో... హో బిడ్డా" అన్నది అంతే. మోత్యా ఆగింది. అమ్మ వైపు తిరిగి, తల దించి, మెడ వంచి నిలబడింది.

పెద్దబాపు మోత్యాను చూశాడు, అమ్మను చూశాడు.

"మల్లేషూ" అన్నాడు పెద్దబాపు. "ఈ వానకాలంల ఎద్దు ఎవరి చెయ్యి కింద నడిసింది?"

"ఎవరి చెయ్యేందే అన్నా. దానికి రోజు కుడితి పెట్టేది ఆమెనే గద. కుడితి కోసం తిరుగుతది."

"కుడితికి తిరిగే ఎద్దు నోరు చాపుతది. ఇది మెడ వంచింది. కాడి కింద పని చేయించిన మనిషికే మెడ వంచుతది."

బాపు తల దించుకున్నాడు. అమ్మ లేచి వచ్చింది, ఒరిగిన గిన్నె తీసుకుంది. దాంట్లో ఇంకా కొంచెం వెన్న మిగిలింది. గిన్నె వైపే చూస్తూ, "నాకేం తెలుసు బావా ఎడ్ల సంగతి? ఆడదాన్ని. పేడ తీస్త, గడ్డేస్త. గంతే" అన్నది.

అమ్మ అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు. నాకు జ్వరం వస్తే చేదు మందును తియ్యగా ఉందని చెప్పేది. కానీ తన గురించి తాను ఇంత తక్కువ చేసి చెప్పుకోవడం నేను వినలేకపోయాను. వాగు అవతలి చేను మొత్తం నా కళ్ళ ముందు ఉంది. సాళ్ళు పాపిడి తీసినట్టు ఉన్నాయి.

నోరు తెరిచాను. మాట మరాఠీలో వచ్చింది. మాది మరాఠీ బడి, అక్కడ లేచి నిలబడి జవాబు చెప్పేటప్పుడు వచ్చే భాష అదే కదా.

"సగళం శేత్ మాఝ్యా ఆయీనే డవరలం."

చేను మొత్తం మా అమ్మే తోలింది అని. అందరూ నా వైపు చూశారు. నా నోరు ఆగలేదు. ఈసారి తెలుగులో చెప్పాను.

"వాగవతలి చేను మొత్తం అమ్మనే తోలింది పెద్దబాపూ. చేతులు వాసినా తోలింది. ఒక్క పత్తిమొక్క విరగలే. పోయి చూసుకోండ్రి."

"ఉజ్వలా!" అన్నాడు బాపు.

"మాట్లాడనీ" అన్నది బాపమ్మ.

"నువ్వూరుకోవే అవ్వా. భుజం కొంచెం పట్టింది, గంతే. వారంల పోతది."

"ఏ వారంల బిడ్డా? విత్తనాలప్పటి వారమా, నాట్లప్పటి వారమా?"

పెద్దబాపు గుంజ దగ్గరే ఉండి మందలించబోయాడు. "గిట్ల దాసిపెట్టుడేందిరా మల్లేషూ? నొప్పుంటే నొప్పని చెప్పాలె. మొగోనివి..."

బాపమ్మ మంచం మీదే నిటారుగా కూర్చుంది. మా బాపమ్మ అలా కూర్చుందంటే ఇక ఆమెను ఆపేవాళ్ళు లేరని అర్థం.

"లింగూ, నువ్వు మా ఇంట్ల ఎందుకు కూసుంటలేవో చెప్పాల్నా?"

ఆయన చెయ్యి గుంజ మీంచి జారింది.

"కూసుంటే మల్ల లేవలేవు కాబట్టి. మీ ఇంట్లామె చెప్పింది. నీకు రెండు మోకాళ్ళు. సత్తమ్మ మొగనికి మెడ. రామకిషన్‌కు నడుము, నాగలి కొడుకు తోల్తుండు, తను గట్టు మీద నిలవడి అరుస్తుండు. మీరంత దాసిపెట్టుకున్నమనుకుంటుండ్రు. కలుపు సాలుల ఉన్న ప్రతి ఆడదానికి తెలుసు ఎవల మొగనికి ఎక్కడ నొస్తున్నదో. మీకే మీ సంగతి తెల్వది." ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. "బుధవారం నువ్వు పని ఉందని రాజురా పోతవు. శుక్రవారం వీడు పోతడు. బస్టాండు ఎనక గా సూది ఏసే ఆయన దగ్గరికేనాయె ఇద్దరూ. అదే దుకాణం, అదే సూది."

బాపు, పెద్దబాపు ఒకరినొకరు చూసుకున్నారు. పుట్టినప్పటి నుంచి ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళు, అప్పుడే కొత్తగా కలిసినట్టు చూసుకున్నారు.

"నీక్కూడానా?" అన్నాడు పెద్దబాపు, గొంతు తగ్గించి.

"భుజం అన్నా. రాత్రి పక్క తిరగనియ్యది."

"నాకు మెట్లు దిగేటప్పుడు పానం పోతది."

"గా సూది రెండు రోజులు మంచిగుంటది..."

"ఔ. మూడో రోజు మల్ల గంతే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతుందో ఏడుస్తుందో నాకు తెలియలేదు. బాపమ్మ మంచం మీద పక్కకు జరిగి చేత్తో తట్టింది. పెద్దబాపు వచ్చి, మంచం పట్టె పట్టుకుని, "అమ్మోవ్" అంటూ కూర్చున్నాడు. మా ఊరి పెద్ద నోట అమ్మోవ్ అనే మాట నేను మొదటిసారి విన్నాను. బాపమ్మకు ఇంకా ఆగలేదు. "పేరు పెట్టుకో దానికి. మేం పెట్టుకున్నం గద. మీ అత్త పేరు పెట్టుకో, మంచిగ కుదురుతది" అన్నది. ఈసారి ఆయన కూడా నవ్వాడు.

కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆయన మోకాలు రుద్దుకుంటూ బాపు వైపు చూశాడు.

"నొప్పి సంగతి నొప్పి సంగతే తమ్మీ. మానం సంగతి వేరే. రేపు డప్పులు మోగుతయి, ముందల పోరగాండ్లు ఉంటరు. ఈ భుజంతోని నువ్వు మోత్యాను ఆపలేవు. నేను కండ్ల చూసిన. తెలిసి నీకు తాడు ఇయ్యలేను."

"ఔ అన్నా" అన్నాడు బాపు.

"రామకిషన్‌కు చెప్పాల్నా మరి? కొడుకు పడ్తడు తాడు. లేకుంటె..."

ఆయన ఆగాడు. అమ్మ వైపు చూశాడు. గిన్నె అంచుకు అంటిన వెన్నను అమ్మ వేలితో లోపలికి తోస్తున్నది, ఏమీ విననట్టు. మోత్యా ఇంకా ఆమె పక్కనే మెడ వంచి నిలబడి ఉంది. లేకుంటె అన్న ఆ మాటను మా ఊళ్ళో పోలా గురించి ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. ఆయన కూడా పూర్తి చెయ్యలేదు. ఆడవాళ్ళు ఆ రోజు తోరణం బయట నిలబడి హారతి పళ్ళెం పట్టుకుంటారు. తాడు పట్టుకోరు.

"నేను చాయ్ తాగెదాంక కూసుంట" అన్నాడు చివరికి. "ఎట్లయినా కూసున్న గద, లేవనీకి టైం పడ్తది. లేచేలోపు మీ ఇంటి మాట చెప్పుండ్రి. మానం మీ ఇంటిది. ఎవలు పడ్తరో మీరే చెప్పాలె."

బాపు నా ముందు నుంచే లోపలికి పోయాడు. తాత తలపాగా మేకుకు వేలాడుతున్నది, ఉతికి గంజి పెట్టింది. దాని కింద ఆగి, తల వెనక్కి తిప్పకుండా, "మాధవీ, లోపలికి రా" అన్నాడు.

అమ్మ గిన్నె కింద పెట్టి పోతుందనుకున్నాను. పెట్టలేదు. గిన్నెను పొయ్యి నిప్పుల మీద ఒక్క క్షణం ఉంచి తీసింది. కింద పడని మోదుగ ఆకు ఒకటి ఏరుకుంది. రెండూ పట్టుకుని లోపలికి నడిచింది.

నేను వెనకే పోయాను. నాకు భయం వెయ్యాలి. ఇచ్చిన మాట తప్పాను, ఊరి పెద్ద ముందు ఇంటి గుట్టు విప్పాను, బాపు నన్ను కొట్టినా కొట్టవచ్చు. అయినా భయం కంటే ఇంకోటి ఎక్కువగా ఉంది. తరగతిలో నా పేరు ముందుగా పిలిచినప్పుడు కూడా నాకు అంత గర్వంగా అనిపించలేదు. ఒక్క మొక్క విరగలేదు. ఆ మాట అన్నది నేనే.

గది గడప దగ్గర బాపు నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మ ఆయన వెనక నిలబడి ఉంది, చేతిలో వెన్న గిన్నె వెచ్చగా పొగలు కక్కుతున్నది. "బాపూ, నేను..." అన్నాను.

ఎడమచేత్తో రెక్క పట్టుకుని, బాపు నా ముఖం మీదే తలుపు వేశాడు.

వాకిట్లో బాపమ్మ చాయ్ గ్లాసు పెద్దబాపు చేతికి ఇస్తున్నది. నేను చెక్కకు చెవి ఆనించాను. రోకలి లాగిన చప్పుడు వస్తుందని చూశాను. రాలేదు. అమ్మ గాజులు గలగలమని తలుపు వెంట పైకి పోయాయి. విత్తనాల కాలం నుంచి ఎవరూ వెయ్యని ఆ పైగొళ్ళెం పడింది.